చక్రాల ఇంటికి ఆకాశం హద్దు

ఇల్లు వదిలి వందల కిలోమీటర్లు పోతారు. పోయినచోట మొట్టమొదట చేసే పని... ఇంటి కబురు కోసం ఆకాశంలో వెతుక్కోవడం! బ్రిటన్ మోటార్‌హోమ్‌ల పక్కన కనిపించే పాత డిష్‌ల వెనక ఓ ప్రయాణం ఉంది. ఆ ప్రయాణానికి కంటికి కనిపించని సరిహద్దు కూడా ఉంది.

సాయంత్రం వేళ ఇంగ్లండ్‌లో ఏ క్యాంప్‌సైట్‌కి వెళ్లినా ఇంచుమించు ఒకటే దృశ్యం. పచ్చిక బయలు, దాని చుట్టూ చెట్లు. వరసగా ఆగి ఉన్న తెల్లటి బళ్లు. ఒకాయన చక్రాల కింద ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి బండిని సమంగా నిలబెడుతుంటాడు. ఇంకొకావిడ కరెంటు తీగ తెచ్చి స్తంభానికి తగిలిస్తుంటుంది. ఎవరి బండిలోనో టీ నీళ్లు మరుగుతుంటాయి. అంతలో ఓ పెద్దమనిషి ఒక చేత్తో దిక్సూచి, ఇంకో చేత్తో మూడుకాళ్ల స్టాండు పట్టుకుని బయటికొస్తాడు. నాలుగడుగులు అటు వేస్తాడు, రెండడుగులు ఇటు వేస్తాడు. ఆకాశంకేసి చూస్తాడు. స్టాండు దించి, దానికి డిష్ బిగిస్తాడు.

గమనించి చూస్తే ఓ తమాషా కనిపిస్తుంది. ఆ మైదానంలో ఎన్ని డిష్‌లున్నాయో అన్నీ ఒకేవైపు తిరిగి ఉంటాయి, పొద్దుతిరుగుడు చేలోని పువ్వుల్లా. అన్నిటి చూపూ ఆగ్నేయానికే!

అటువైపు ఏముంది? లండన్ కాదు. టీవీ స్టూడియో అసలే కాదు. ఆ దిక్కునే పోతూ ఉంటే యూరప్ దాటి, మధ్యధరా సముద్రం దాటి, ఆఫ్రికాలో కాంగో అడవులు వస్తాయి. సరిగ్గా అక్కడ, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 28.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆస్ట్రా ఉపగ్రహాలు ఉన్నాయి. బ్రిటన్ టీవీ ఛానళ్లు అక్కడిదాకా ఎక్కి మళ్లీ బ్రిటన్‌లో దిగుతాయి. అంటే మాంచెస్టర్ మనిషి మాంచెస్టర్ కబురు వినాలంటే కాంగో నెత్తిన ఉన్న ఆకాశంలోకి చూడాలన్నమాట.

మనకు కారవాన్... వాళ్లకు కాపురం

కారవాన్ అనగానే మనకు సినిమా షూటింగులు గుర్తొస్తాయి. హీరోలు మేకప్ వేసుకుని, షాట్‌కీ షాట్‌కీ మధ్య సేదదీరే బండి అది. కాస్త పెద్దవాళ్లకైతే 1982 ఎన్నికల ప్రచారంలో ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్య రథం గుర్తుకు రావచ్చు. బ్రిటన్‌లో మోటార్‌హోమ్ అంటే అంత హంగామా లేదు. అది మధ్యతరగతి ముచ్చట. పడుకోవడానికి మంచాలు, రెండు పొయ్యిల వంటిల్లు, అగ్గిపెట్టెలాంటి స్నానాల గది... అన్నీ ఒక వ్యాన్‌లోనే. ఉద్యోగాలు చేసేవాళ్లు వేసవి సెలవుల్లో తిరుగుతారు. రిటైరైనవాళ్లు మాత్రం చలి మొదలవగానే బయల్దేరి దక్షిణానికి, ఎండ ఉన్నచోటికి పోతారు. పడవలో ఫ్రాన్స్, అక్కణ్నుంచి స్పెయిన్. మళ్లీ వసంతానికి ఇంటికి.

ఎండ కోసం అంతదూరం పోయేవాళ్లకు టీవీ ఎందుకు? ఈ ప్రశ్న నాకూ వచ్చింది. సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కొడుకు వాళ్ల పాత మోటార్‌హోమ్‌లో నాలుగు రోజులు తిరిగాను. అప్పుడు తెలిసింది, ఆ డిష్ సీరియళ్ల కోసమే కాదని.

ఆదివారం సంతలో డిష్

హైదరాబాద్ వాళ్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత తెలుసు. ఇంగ్లండ్‌లో దానికి బంధువులాంటిది కార్ బూట్ సేల్. ఆదివారం పొద్దున్నే ఓ పొలంలో కార్లన్నీ వరసగా ఆపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామానంతా అమ్ముకుంటారు. పింగాణీ కప్పులు, పిల్లల సైకిళ్లు, పాత పుస్తకాల మధ్య డిష్‌లు కూడా ఉంటాయి. ఇప్పుడు మరీ ఎక్కువ. ఎందుకంటే కొత్తగా మోటార్‌హోమ్ కొన్నవాళ్లలో చాలామంది డిష్ జోలికి పోవడం లేదు. మొబైల్ ఇంటర్నెట్‌తోనో, స్టార్‌లింక్ లాంటి ఉపగ్రహ ఇంటర్నెట్‌తోనో కార్యక్రమాలు చూస్తున్నారు. దాంతో ఒకప్పుడు వందల పౌండ్లు పలికిన సరంజామా సంతలో అగ్గువకు దొరుకుతోంది.

వీటిలో మూడు రకాలు. మొదటిది మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టే డిష్. దిగినచోటల్లా చేత్తో తిప్పుకోవాలి. రెండోది బండి పైకప్పుకు బిగించేది. లోపల కూర్చుని హ్యాండిల్ తిప్పితే పైన డిష్ లేస్తుంది, తిరుగుతుంది. మూడోది గుండ్రటి టోపీలా ఉండే ఆటోమేటిక్ డోమ్. బటన్ నొక్కితే తనే ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. పాతది కొనేటప్పుడు మాత్రం ఖరీదైనదే మేలైనదని అనుకోకూడదు. డోమ్ లోపల మోటారు అరిగిపోయి ఉండొచ్చు. ఉపగ్రహాల వివరాలు మారినప్పుడల్లా దాని సాఫ్ట్‌వేర్ మార్చి ఉండకపోతే అది ఎప్పుడో మారిపోయిన పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంది! పైకప్పు రకం కొంటే బండికి చిల్లు పెట్టాలి. సీలెంట్ సరిగ్గా పూయకపోతే టీవీ సంగతి దేవుడెరుగు, వాన నీళ్లు మంచం మీదకొస్తాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మూడుకాళ్లదే నయమంటారు.

మా అన్నయ్య కొన్నదీ అదే. అరవై సెంటీమీటర్ల డిష్. కొనేముందు దాన్ని బల్ల మీద బోర్లించి, అంచు అంతటా ఆనుతోందో లేదో చూశాడు. ఎక్కడైనా లేచి ఉంటే వంగిందని లెక్క. వంగిన డిష్ సిగ్నల్‌ను ఒకచోట పోగెయ్యలేదు. తర్వాత చూడాల్సింది డిష్ ముందు చెయ్యి చాచినట్టుండే ఎల్‌ఎన్‌బీ. దాని మూతికున్న ప్లాస్టిక్ మూత పగిలితే లోపలికి నీళ్లు దిగి ఉంటాయి. కేబుల్ చివర తీసి చూస్తే రాగి తీగ ఎర్రగా మెరవాలి. నల్లబడితే ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ బిగించుకోవడమే.

అన్నిటికన్నా ముఖ్యం పెట్టె, అంటే సెట్‌టాప్ బాక్స్. బ్రిటన్‌లో నెలవారీ చందా లేకుండా ఉపగ్రహ ఛానళ్లు చూసుకునే ఫ్రీశాట్ సేవ 2008లో మొదలైంది. ఆనాటి పాత పెట్టెలు సంతలో దండిగా దొరుకుతాయి. కానీ 2024 జనవరిలో బీబీసీ తన పాత రకం ప్రసారాలను ఉపగ్రహం నుంచి తీసేసి హెచ్‌డీ మాత్రమే ఉంచింది. కాబట్టి హెచ్‌డీ రాని పెట్టె ఎంత చవకగా వచ్చినా బీబీసీ చూసేవాళ్లకు దండగే. బండి బ్యాటరీతో నడవాలంటే పెట్టె, టీవీ రెండూ 12 వోల్టులవై ఉండాలి.

ఒక్క డిగ్రీ... 680 కిలోమీటర్లు!

ఇక అమరిక. మొదటి సాయంత్రం కెంట్ జిల్లాలో ఓ క్యాంప్‌సైట్‌లో దిగాం. అన్నయ్య మంచి నీడ చూసి బండి ఆపాడు. డిష్ నిలబెట్టాడు, తిప్పాడు, మళ్లీ తిప్పాడు. టీవీ తెర మీద ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తప్ప ఏమీ రాలేదు. పెద్దమ్మ తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. మడత కుర్చీలో కూర్చుని చూస్తూ చూస్తూ అడిగింది.

‘‘ఏరా, మనింటి మీద డిష్ ఆకాశంకేసి వాలి ఉంటుంది. ఇదేంటి, గోడలా నిటారుగా పెట్టావ్?’’

‘‘ఇక్కడ ఇంతేనమ్మా. ఉపగ్రహం కిందుంటుంది’’ అన్నాడు అన్నయ్య.

నిజానికి పెద్దమ్మ అడిగిన ప్రశ్నలోనే ఆ రోజు సమస్యకు జవాబుంది. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైనే ఉంటాయి. భూమితోపాటే తిరుగుతాయి కాబట్టి మనకు ఒకేచోట నిలబడ్డట్టు కనిపిస్తాయి. మనం భూమధ్యరేఖకు దగ్గర. డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లిచ్చే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున, సుమత్రాకు పడమటి వైపు హిందూ మహాసముద్రం మీద ఉంది. తెలుగు నేల నుంచి చూస్తే అది అరవై డిగ్రీలకు పైనే, దాదాపు నడినెత్తికి దగ్గర్లో ఉంటుంది. ఇంగ్లండ్ ఎక్కడో ఉత్తరాన ఉంది. లండన్ నుంచి చూస్తే ఆస్ట్రా ఎత్తు 25 డిగ్రీలే. సాయంత్రపు సూర్యుడిలా కిందుంటుంది. దిక్సూచిలో చూస్తే 145 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. డిష్ తయారీలోనే ఓ వాలు ఉంది కాబట్టి నిటారుగా నిలబడ్డా దాని చూపు పైకే ఉంటుంది.

కిందున్న ఉపగ్రహానికి చెట్లు అడ్డం. మన డాబా మీద పక్కింటి కొబ్బరిచెట్టుతో పేచీ ఉండదు. అక్కడ మాత్రం పది మీటర్ల చెట్టు ఉంటే దానికి ఇరవై మీటర్లకు పైగా దూరం జరగాలి. చెట్టు ఎత్తుకు రెండింతలకన్నా కాస్త ఎక్కువ... ఇదే లెక్క. నీడ కావాలా, టీవీ కావాలా తేల్చుకోవాలి.

పక్క స్థలంలో దిగిన డెబ్బై దాటిన పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. కాసేపయ్యాక టీ కప్పు పట్టుకునే వచ్చాడు. స్టాండు తీసుకెళ్లి చెట్లకు దూరంగా, ఖాళీ జాగాలో పెట్టమన్నాడు. కేబుల్ పొడవున్నది అందుకేనట. దిక్సూచిని బండికి నాలుగడుగుల దూరంలో చూడమన్నాడు, ఇనుము పక్కనుంటే ముల్లు అబద్ధం చెబుతుందని. స్టాండు మధ్య కొక్కేనికి నీళ్ల డబ్బా వేలాడదీయించాడు, గాలికి కదలకుండా. ఇక దిక్కు కోసం పెద్దగా కష్టపడక్కర్లేదన్నాడు. చుట్టూ ఉన్న డిష్‌లు ఎటు చూస్తుంటే అటు తిప్పితే సరిపోతుందట!

తర్వాత అసలు పని. ఎత్తు 25 డిగ్రీలకు బిగించి, డిష్‌ను ఎడమ నుంచి కుడికి తిప్పాలి. గబగబా కాదు, గడియారం ముల్లు కదిలినట్టు. ఒక్క డిగ్రీ తేడా వస్తే అంత దూరాన అది దాదాపు 680 కిలోమీటర్లవుతుంది. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీల వెడల్పు. అందులో ఉపగ్రహం నడిమధ్యన పడితేనే బొమ్మ నిలకడగా ఉంటుంది. చేతిలో చిన్న సిగ్నల్ మీటరుంటే ఉపగ్రహం దగ్గరపడేకొద్దీ కీచుమంటుంది. కానీ కీచుమన్నదల్లా మన ఉపగ్రహం కాదు. పక్కనే వేరేవి ఉంటాయి. టీవీలో ఏ భాష వినపడుతోందో చూసుకోవాలి. అన్నయ్యకు మొదట జర్మన్ వినిపించింది. అంటే 19.2 డిగ్రీల దగ్గరున్న ఇంకో ఆస్ట్రా. కొంచెం తూర్పుకు, అంటే ఎడమకు జరిపాడు. ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే కాస్త మెలితిప్పాడు.

తెర వెలిగింది. పెద్దాయన సంబరంగా చెయ్యెత్తాడు. అప్పుడు తెరమీద వస్తున్నది సినిమా కాదు, క్రికెట్ కాదు. వాతావరణం! మరుసటిరోజు ఎక్కడెక్కడ వాన పడుతుందో చెబుతున్నారు. ఆయన నిలబడే ఉండి, వాళ్ల ఊరున్న ప్రాంతం వచ్చేదాకా చూసి, అప్పుడు వెళ్లాడు.

మన ఊళ్లలో ‘కోళ్ల వల’ డిష్

డిష్ అంటే మనకు తొంభైల తర్వాత వచ్చిందని అనుకుంటాం. కానీ మన పల్లెలు అంతకు చాలా ముందే డిష్‌ను చూశాయి. ఆకాశంలో ఒకేచోట నిలబడే ఉపగ్రహంతో ప్రసారాలు చెయ్యొచ్చని ఆర్థర్ సి.క్లార్క్ 1945లో రాశాడు. ముప్పై ఏళ్లకు ఇస్రో, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని ‘సైట్’ ప్రయోగం చేసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. అప్పటి డిష్ వెడల్పు మూడు మీటర్లు. కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో చేశారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు... అన్నీ సొంత భాషలో. కొలంబోలో ఉంటున్న క్లార్క్ ఇంటికీ ఇస్రో వాళ్లు ఒక డిష్ అమర్చిపెట్టారు. 

ఊరంతా ఒక్క డిష్ ముందు కూర్చున్న రోజులవి. ఇప్పుడు పెద్దమ్మ తన సీరియల్‌ను ఫోన్‌లో చూసుకుంటోంది. తెనాలిలో ఆగిన ఎపిసోడ్ కెంట్‌లో అందుకుంది. ఆమెకు దిక్సూచితో పనిలేదు.

దక్షిణానికి పోయేకొద్దీ...

డోవర్ దగ్గర పడవెక్కితే గంటన్నరలో ఫ్రాన్స్ తీరం, కలే. అక్కణ్నుంచి స్పెయిన్ సరిహద్దుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లు మోటార్‌హోమ్‌లు రాత్రిళ్లు ఆగడానికి జాగాలు కేటాయించాయి. దిగినచోటల్లా డిష్ కోణం మార్చాలి. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఉపగ్రహం ఆకాశంలో పైకి లేస్తుంది. లండన్ దగ్గర 25 డిగ్రీలున్నది స్పెయిన్ దక్షిణ కొసన మలాగా దగ్గర 35 అవుతుంది. చెట్ల బెడద తగ్గుతుంది.

కానీ అదే సమయంలో ఇంకోటి జరుగుతుంది. తెర మీద సిగ్నల్ గీత రోజురోజుకూ కురచవుతుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో నిండుగా ఉన్నది దిగువకు పోయేకొద్దీ తగ్గి, వాన మబ్బు పడితే బొమ్మ ముక్కలవుతుంది. మరికొంత దూరం పోయాక ఎంత తిప్పినా రాదు. డిష్ చెడిపోలేదు. ఆకాశమే అక్కడితో ఆగిపోయింది!

ఎందుకిలా? ఫ్రీశాట్‌లో బీబీసీ చూడ్డానికి కార్డు అక్కర్లేదు, తాళం లేదు. కానీ సినిమాలు, ఆటలు, సీరియళ్ల హక్కులు బ్రిటన్ వరకే కొంటారు. తాళం లేని ఇంటికి ప్రహరీ కావాలి కదా! ఉపగ్రహంలోని యాంటెన్నాను బ్రిటన్ మీదే ఎక్కువ వెలుగు పడే టార్చిలైట్‌లా అమర్చారు. దాని అంచు దాటితే చీకటే. స్పెయిన్ తీరంలో స్థిరపడిన బ్రిటిష్ కుటుంబాలు చాలాకాలం రెండు మీటర్లకు అటూఇటూ ఉండే పెద్ద డిష్‌లు పెట్టుకుని, ఆ అంచు నుంచి చిందిన సిగ్నల్‌నే పట్టుకునేవి. 2014 ఫిబ్రవరిలో బీబీసీ తదితర ఛానళ్లు ఆస్ట్రా 2ఈ అనే కొత్త ఉపగ్రహానికి మారాయి. టార్చి వెలుగు ఇంకా బిగిసింది. దక్షిణ స్పెయిన్‌లో చాలాచోట్ల ఆ పెద్ద డిష్‌లు కూడా మూగబోయాయి. ఇళ్ల ముందు గిన్నెల్లా మిగిలిపోయాయి.

మా పక్కనున్న పెద్దాయన ఆ మార్పును దారిలోనే చూశాడు. ఏటా ఏ ఊరి దగ్గర బొమ్మ పోతుందో పటం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తు దగ్గర ఆ రాత్రి వార్తలు, వాతావరణం చూసి డిష్ విప్పి పెట్టెలో పెట్టేస్తాడట. మళ్లీ తిరుగు ప్రయాణంలో అదే ఊళ్లో విప్పుతాడు. ఇంటర్నెట్‌లో చూడొచ్చు కదా అంటే, విదేశంలో ఉన్నప్పుడు అక్కడా హక్కుల అడ్డంకే అన్నాడు.

తొంభై రోజుల ఎండ

అడ్డంకి ఆకాశంలోనే కాదు, నేల మీదా వచ్చింది. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి వచ్చాక, 2021 నుంచి బ్రిటిష్ పౌరులు ప్రత్యేక వీసా లేకుండా షెంజెన్ దేశాల్లో ఉండాలంటే 180 రోజుల్లో 90 రోజులే అనుమతి. చలికాలమంతా ఎండలో గడిపే అలవాటున్న వృద్ధులకు ఇది పెద్ద దెబ్బే. అక్టోబరులో వెళ్లి మార్చిలో వచ్చేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వీసా లెక్క మనవాళ్లకు కొత్త కాదు. బిడ్డల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు గడువు తేదీ చూసుకునే సూట్‌కేసు సర్దుకుంటారు. పెద్దమ్మ ఆ సంగతి విని, ‘‘వాళ్లకీ మనలాగే అయిందన్నమాట’’ అంది.

మరి ఇన్ని తంటాలుపడి పాత డిష్ మోసుకెళ్లడం దేనికి? వాళ్ల సామాను చూస్తే అర్థమవుతుంది. నాలుగు జతల బట్టలు, సొంత టీ పొడి, మనవల ఫొటో, డిష్. ఇల్లంతా మోసుకెళ్లలేరు కాబట్టి ఇంటిని గుర్తుచేసేవి తీసుకెళతారు. డిష్‌లో మాత్రం ఇల్లు రోజూ కొత్తగా కనిపిస్తుంది. తమ వీధిలో వాన పడిందా, మంచు కురిసిందా, నది పొంగిందా... ఇక్కడ ఎండలో కూర్చుని అక్కడి చలిని చూసుకోవడంలో ఓ తృప్తి ఉంది. కొంచెం దిగులూ ఉంది.

వసంతం రాగానే బళ్లు ఉత్తరానికి మళ్లుతాయి. ఫ్రాన్స్ దారిలో ఏదో ఒక ఊళ్లో డిష్‌లు ఒక్కొక్కటే పెట్టెల్లోంచి బయటికొస్తాయి. ఆగ్నేయానికి తిరుగుతాయి. సిగ్నల్ గీత వణుకుతూ లేస్తుంది. మూడు నెలల తర్వాత తెర మీద బ్రిటన్ పటం కనిపిస్తుంది... దాని నిండా నీలిమబ్బులు, వాన చినుకులు.

వాన నుంచి పారిపోయిన మనుషులు ఆ వానను చూసి నవ్వుకుంటారు. తెల్లారగానే బండి తీస్తారు.